లెక్క దాస్తే నష్టం ఎవరికి?

ఒక ఊరు ఉందనుకోండి. ఊరికి బోరు వెయ్యాలి. పంచాయతీకి డబ్బు వచ్చింది. ఎంత వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు ఎక్కడ పడతాయో ఇంజనీరు చూసి కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం పై వీధిలో వెయ్యాలంటుంది. రెండో వర్గం కింది వీధిలో వెయ్యాలంటుంది. నీళ్ళు ఎక్కడున్నాయి అన్న మాట వెనకబడింది. ఎవరి మాట నెగ్గాలి అన్నదే ముందుకొచ్చింది. ఏళ్ళు గడిచాయి. బోరు పడలేదు. రెండు మైళ్ళు నడిచి బిందెలు మోసేది ఎవరు? రెండు వీధుల ఆడవాళ్ళూ మోస్తున్నారు.

ఊళ్ళోనే కాదు, పెద్ద పెద్ద దేశాల్లో కూడా ఇలా జరుగుతుంది. బాగా చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు ఉన్న దేశంలో కూడా జరుగుతుంది. ఆస్ట్రేలియా దేశంలో ఇలాగే జరిగింది. అక్కడి తగువు బోరు గురించి కాదు. బొగ్గు గురించి, పెరిగే ఎండల గురించి. ఆ కథేమిటో తెలుసుకుందాం.

ఆస్ట్రేలియాకూ మనకూ ఏం సంబంధం?

ఆస్ట్రేలియా మనకు చాలా దూరం. సముద్రం దాటి వెళ్ళాలి. ఆ దేశం మన దేశం కన్నా రెండు రెట్లకు పైగా పెద్దది. కాని జనం తక్కువ. మొత్తం దేశంలో సుమారు 2 కోట్ల 70 లక్షల మంది ఉన్నారు. అంటే ఒక్క తెలంగాణలో ఉన్నంత మంది కూడా లేరు.

ఆ నేలలో బొగ్గు చాలా ఉంది. ప్రపంచంలో ఇతర దేశాలకు బొగ్గు ఎక్కువగా అమ్మే దేశాల్లో అది ఒకటి. మన విశాఖపట్నం ఉక్కు ఫ్యాక్టరీకి కూడా అక్కడినుంచి ఓడల్లో బొగ్గు వస్తుంది. మన తెలుగువాళ్ళు వేలమంది చదువులకూ ఉద్యోగాలకూ అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు.

బొగ్గు అక్కడ ఎందరికో కూడు పెడుతుంది. గనుల్లో దిగేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, ఓడల్లో ఎత్తేవాళ్ళు, గని పక్కన హోటలు పెట్టుకున్నవాళ్ళు, అందరూ దానిమీదే బతుకుతున్నారు. మన సింగరేణి కార్మికుడికి ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు.

మరి బొగ్గుతో చిక్కేమిటి?

బొగ్గు మండితే వేడి వస్తుంది. ఆ వేడితో కరెంటు తీస్తారు. దానితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా వస్తుంది. అది కంటికి కనపడదు. గాలిలో కలిసి పైకి పోతుంది. అక్కడే వందల ఏళ్ళు ఉండిపోతుంది.

ఆ వాయువు భూమికి దుప్పటిలాగా పనిచేస్తుంది. పగలు ఎండకు భూమి వేడెక్కుతుంది. ఆ వేడి తిరిగి పైకి పోవాలి. దుప్పటి మందమయ్యేకొద్దీ వేడి పోవడం తగ్గుతుంది. ఒక దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది. పది కప్పుకుంటే ఉక్కపోస్తుంది గదా. భూమికి ఇప్పుడు అలా ఉంది.

1910 నుంచి ఇప్పటికి ఆస్ట్రేలియా నేలమీద వేడి సగటున సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరిగింది. ఒకటిన్నర డిగ్రీలే గదా అనిపిస్తుంది. కాని మనిషి ఒంట్లో వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే ఏమంటాం? జ్వరం అంటాం. భూమి సంగతీ అంతే. అడవిలో ఆకులు త్వరగా ఎండుతున్నాయి. నిప్పు అంటుకునే రోజులు పెరుగుతున్నాయి.

అందుచేత బొగ్గు వాడకం తగ్గించాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. తగ్గిస్తే గని కార్మికుడి కూడు ఏం కావాలి? తగ్గించకపోతే రైతు పంట, అడవి పక్క ఇల్లు ఏం కావాలి? రెండు వైపులా బతుకులే ఉన్నాయి. ఇలాంటి సంగతిని లెక్కలు ముందు పెట్టుకుని, అందరూ కూచుని తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో అలా జరగలేదు.

రెండు పార్టీలు, ఒక తగువు

ఆస్ట్రేలియాలో పెద్ద పక్షాలు రెండు. ఒకటి లేబర్ పార్టీ. రెండోది లిబరల్, నేషనల్ పార్టీల కూటమి. లిబరల్ పార్టీకి పట్నాల్లో బలం ఉండేది. నేషనల్ పార్టీకి పల్లెల్లో బలం.

2007లో లేబర్ పార్టీ గెలిచింది. కెవిన్ రడ్ ప్రధానమంత్రి అయ్యాడు. ఎండల సంగతి మన తరానికి పెద్ద పరీక్ష అని ఆయన చెప్పాడు. గాలిని పాడుచేసే కంపెనీలు అందుకు డబ్బు కట్టాలని ఒక చట్టం తయారు చేశాడు.

ప్రతిపక్ష నాయకుడు మాల్కం టర్న్‌బుల్. ఆయన కూడా ఈ చట్టానికి సరే అన్నాడు. రెండు పక్షాలూ కలిసినట్టే కనిపించింది. కాని ఆయన పార్టీవాళ్ళే ఆయనమీద తిరగబడ్డారు. 2009 డిసెంబరు 1న పార్టీలో ఓట్లు వేసుకున్నారు. టర్న్‌బుల్‌కు 41 ఓట్లు వచ్చాయి. టోనీ ఆబట్‌కు 42 వచ్చాయి. ఒక్క ఓటుతో నాయకుడు మారాడు. మర్నాడే పై సభలో చట్టం ఓడిపోయింది. ఇంకా గట్టి చట్టం కావాలనే గ్రీన్స్ పార్టీ కూడా దానికి ఓటు వెయ్యలేదు. ఒకరికి అది మరీ ఎక్కువైంది. ఇంకొకరికి మరీ తక్కువైంది. చట్టం మాత్రం రాలేదు.

2010లో లేబర్ పార్టీ రడ్‌ను దింపి, జూలియా గిలార్డ్‌ను ప్రధానమంత్రిని చేసింది. నా ప్రభుత్వంలో కార్బన్ పన్ను ఉండదని ఆమె ఎన్నికల ముందు చెప్పింది. ఎన్నికల్లో పూర్తి మెజారిటీ రాలేదు. ఇతరుల మద్దతుతో ప్రభుత్వం పెట్టింది. ఆ తరవాత కంపెనీలు డబ్బు కట్టే చట్టం తెచ్చింది. 2012 జులై 1 నుంచి అది అమలైంది. ఒక టన్ను వాయువుకు 23 డాలర్లు. కరెంటు బిల్లు పెరుగుతుంది కాబట్టి, జనానికి పన్ను తగ్గించారు. పింఛన్లు పెంచారు.

కాని జనానికి పన్ను తగ్గిన సంగతి గుర్తులేదు. మాట తప్పిందన్నదే గుర్తుంది. ఆబట్ ఊరూరా అదే చెప్పాడు. 2013లో గెలిచాడు. 2014 జులైలో ఆ చట్టాన్ని రద్దు చేశాడు. అమల్లో ఉన్న రెండేళ్ళలో కరెంటు కోసం వదిలే వాయువు తగ్గింది. అయినా చట్టం నిలవలేదు.

ఇలా 2010 నుంచి 2018 వరకు నలుగురు ప్రధానమంత్రులను వాళ్ళ సొంత పార్టీలే దింపేశాయి. అన్నిటికీ ఇదొక్కటే కారణం కాదు. కాని బొగ్గు తగువు మళ్ళీ మళ్ళీ పైకి వచ్చింది. టర్న్‌బుల్ తరవాత ప్రధానమంత్రి అయ్యాడు. 2018లో కరెంటు గురించి ఒక పథకం తెచ్చాడు. ఆ గొడవలోనే పదవి పోగొట్టుకున్నాడు. ఒకే సంగతి ఆయన్ను రెండుసార్లు దింపిందన్నమాట.

ఆయన తరవాత స్కాట్ మారిసన్ వచ్చాడు. ఈయన అంతకుముందు 2017లో ఒక బొగ్గు పెళ్ళను పార్లమెంటులోకే తెచ్చాడు. దీనికి భయపడకండి అంటూ అందరికీ చూపించాడు.

అడవులు కాలాయి

అక్కడ ఎండాకాలం డిసెంబరులో వస్తుంది. 2019లో ముందే తీవ్రమైన కరువు ఉంది. అడవులు ఎండి ఉన్నాయి.

మంటలార్పే శాఖల్లో పెద్ద పదవులు చేసి దిగిపోయిన 23 మంది ఒకటయ్యారు. వాళ్ళ వయసంతా నిప్పుతో పోరాడినవాళ్ళు. ఈసారి మంటలు పెద్దవిగా వస్తాయి, మీతో మాట్లాడాలి అని 2019 ఏప్రిల్‌లో ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. మళ్ళీ రాశారు. ఆయన వాళ్ళను కలవలేదు.

వాళ్ళు చెప్పినట్టే అయింది. కోట్ల ఎకరాల అడవి, పొలం కాలింది. మంటల్లో 33 మంది చనిపోయారు. 3,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఎన్ని మూగజీవాలు చచ్చాయో చెప్పలేం. సిడ్నీ పట్నంలో రోజుల తరబడి పొగ కమ్మింది. పొగకు జబ్బుచేసి పోయినవాళ్ళు మంటల్లో పోయినవాళ్ళ కన్నా ఎక్కువ.

ఆ మంటలప్పుడు డిసెంబరులో ప్రధానమంత్రి కుటుంబంతో హవాయి దీవులకు వెళ్ళాడు. ఆయన ఆఫీసు ఆ సంగతి జనానికి చెప్పలేదు. జీతం లేకుండా మంటలార్పే ఇద్దరు కార్యకర్తలు చనిపోయాక, ఆయన క్షమించమని చెప్పి తిరిగి వచ్చాడు. సెలవు తీసుకోవడం కన్నా చెప్పకపోవడమే జనానికి ఎక్కువ బాధ కలిగించింది.

ఏమేమి దాచారు?

ఇప్పుడు లెక్కల సంగతికి వద్దాం.

మొదటిది: 2021 అక్టోబరు 26న మారిసన్ ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది. 2050 కల్లా నికర సున్నా చేస్తామంది. నికర సున్నా అంటే ఏమిటి? గాలిలోకి ఎంత వాయువు వదులుతామో, చెట్లూ ఇతర పద్ధతుల ద్వారా అంత వాయువునూ వెనక్కి తీసుకోవడం. చివరకు లెక్క సున్నా కావాలి.

మాట మంచిదే. మరి ఎలా చేస్తారు? ఖర్చు ఎంత? ఏ ఊళ్ళో ఎన్ని ఉద్యోగాలు పోతాయి? ఎన్ని వస్తాయి? ఈ లెక్క వేసిన కాగితాలు ఆ రోజు బయటపెట్టలేదు. నేషనల్ పార్టీ ఒప్పుకోవడానికి దానితో ఒప్పందం చేసుకున్నారు. అందులో ఏమేమి ఉందో పూర్తిగా చెప్పలేదు. రెండు వారాలు దాటాక నవంబరు 12న లెక్కల కాగితాలు ఇచ్చారు. చూస్తే, తగ్గించాల్సిన దాంట్లో 15 శాతం ఇంకా కనిపెట్టని పద్ధతుల వల్ల తగ్గుతుందని రాసి ఉంది. ఇంకా పుట్టని ఎద్దుతో దుక్కి దున్నుతామన్నట్టుంది.

రెండోది: అప్పట్లో ఏటా మే 1 లోగా కరెంటు కొత్త ధరలు చెప్పాల్సి ఉండేది. 2022లో ఎన్నికలు మే 21న వచ్చాయి. ప్రభుత్వం రూలు మార్చి, ఆ గడువును మే 25కు జరిపింది. ఓటు వేసేటప్పుడు జనానికి ధర తెలియదు. ఓట్లయ్యాక ధర పెరిగిందని తెలిసింది.

మూడోది అన్నిటికన్నా వింతైనది. 2020, 2021 సంవత్సరాల్లో మారిసన్ అయిదు మంత్రిత్వ శాఖలకు తనను కూడా మంత్రిగా వేయించుకున్నాడు. ఈ సంగతి జనానికి చెప్పలేదు. ఆ శాఖల మంత్రుల్లో చాలామందికి కూడా తెలియదు. అందులో ఒకటి ఇంధనం, గనులు చూసే శాఖ. సిడ్నీ దగ్గర సముద్రంలో గ్యాసు వెతకడానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. తీరంలో ఉన్న జనం వద్దన్నారు. ఆ రహస్య పదవితోనే మారిసన్ అనుమతి కాదన్నాడు.

ఇది 2022 ఆగస్టులో బయటపడింది. అప్పటికి ఆయన ఎన్నికల్లో ఓడిపోయాడు. పెద్ద కోర్టులో జడ్జిగా చేసిన వర్జీనియా బెల్ విచారణ జరిపింది. ఇలాంటి రహస్యం వల్ల ప్రభుత్వం మీద నమ్మకం తరిగిపోతుందని చెప్పింది. పార్లమెంటు ఆయన్ను తప్పుపడుతూ తీర్మానం చేసింది. గ్యాసు వద్దన్న నిర్ణయం కూడా 2023లో కోర్టులో రద్దయింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. గ్యాసు వద్దన్నందుకు తీరం జనం సంతోషించారు. కాని చేసిన పద్ధతి చాటుమాటుది. అది నిలవలేదు. మంచి పనైనా సరే, వెలుగులో చేస్తేనే గట్టిగా నిలుస్తుంది.

ఒక్క పార్టీయే దాచిందా?

కాదు. 2022 మేలో లేబర్ పార్టీ గెలిచింది. ఆంథొనీ ఆల్బనీజీ ప్రధానమంత్రి అయ్యాడు. 2030 కల్లా వాయువును 2005లో ఉన్నదానికన్నా 43 శాతం తగ్గించాలని చట్టం చేశాడు. మంచిదే.

ఎండలు పెరిగితే దేశ రక్షణకు ఏ ముప్పు వస్తుందో చూడమని ఆయన ప్రభుత్వం గూఢచారి శాఖను అడిగింది. వాళ్ళు 2022లోనే రిపోర్టు ఇచ్చారు. దాన్ని ప్రభుత్వం బయటపెట్టలేదు. దేశ రక్షణ సంగతి కాబట్టి కుదరదంది. కొన్ని భాగాలైనా ఇవ్వమని పార్లమెంటులో కొందరు అడిగారు. ఇవ్వలేదు.

దేశం మొత్తానికి ఉన్న ముప్పు గురించి మరో పెద్ద రిపోర్టు 2025 సెప్టెంబరులో వచ్చింది. 2050 కల్లా సముద్ర తీరంలో ఉండే 15 లక్షల మందికి ముప్పు ఉంటుందని అందులో ఉంది. తీరంలో ఇల్లు కొనేవాడికి ఇది తెలియాలా వద్దా? ఇల్లు కొనకముందే తెలియాలి గదా.

2025 నవంబరులో లిబరల్ పార్టీ 2050 నికర సున్నా మాటను వదిలేసింది. నేషనల్ పార్టీ అంతకు కొద్ది రోజుల ముందే వదిలింది. అంటే తగువు మళ్ళీ మొదటికొచ్చింది.

ప్రభుత్వం ఎందుకు దాస్తుంది?

కొన్ని సంగతులు దాచడం న్యాయమే. సైన్యం ఎక్కడుందో శత్రువుకు చెప్పకూడదు. టెండరు తెరవకముందు ధర చెప్పకూడదు. ఒక రోగి జబ్బు సంగతి ఊరంతా చాటకూడదు. మంత్రులు కూచుని వాదించుకునేటప్పుడు, ఎవరేమన్నారో వెంటనే బయటపెడితే వాళ్ళు మనసు విప్పి మాట్లాడరు. ఆస్ట్రేలియాలో సమాచారం అడిగే చట్టం 1982 నుంచే ఉంది. అయినా మంత్రివర్గం కాగితాలు అందులోకి రావు.

కాని ఈ కారణాల చాటున వేరేవి కూడా దాక్కుంటాయి. లెక్క బలహీనంగా ఉంటే దాస్తారు. ఓట్లు పోతాయంటే దాస్తారు. సొంత పార్టీలో గొడవ బయటపడుతుందని దాస్తారు.

దాచితే ఏమవుతుంది? లెక్క లేనిచోట పుకారు పుడుతుంది. ఒకడు కరెంటు బిల్లు పది రెట్లవుతుందని భయపెడతాడు. ఇంకొకడు ఒక్క ఉద్యోగం కూడా పోదని నమ్మిస్తాడు. రెండూ అబద్ధమే కావచ్చు. తేల్చే కాగితం ఎదురుగా లేదు. అందుకని ఎవరి పార్టీ మాట వాళ్ళు నమ్ముతారు. వర్గాలు గట్టిపడతాయి. రహస్యం చీలికను పెంచుతుంది. చీలిక చూసి భయపడిన ప్రభుత్వం ఇంకా దాస్తుంది.

ముందే చెబితే ఏం మేలు?

విక్టోరియా రాష్ట్రంలో హేజల్‌వుడ్ అనే పాత కరెంటు ఫ్యాక్టరీ ఉండేది. బొగ్గుతో నడిచేది. దాన్ని మూసేస్తామని కంపెనీ 2016 నవంబరులో చెప్పింది. 2017 మార్చిలో మూసేసింది. మధ్యలో అయిదు నెలలే ఉన్నాయి. వందలమంది పని పోయింది. అయిదు నెలల్లో కొత్త పని ఎలా నేర్చుకుంటారు? అప్పుమీద కొన్న ఇల్లు ఏం చేస్తారు?

ఇది చూశాక 2018లో కొత్త రూలు పెట్టారు. కరెంటు ఫ్యాక్టరీ మూసెయ్యాలంటే కనీసం మూడేళ్ళ ముందు చెప్పాలని అందులో పెట్టారు. మూడేళ్ళంటే పిల్లల చదువు సంగతి ఆలోచించుకోవచ్చు. వేరే పని నేర్చుకోవచ్చు. ప్రభుత్వాన్ని నిలదీసి పరిహారం అడగవచ్చు. సమాచారం అంటే కాగితం మాత్రమే కాదు. కార్మికుడికి అది కూడు.

మన చేతిలో ఏముంది?

మన దేశంలో కూడా బొగ్గు గనులున్నాయి. థర్మల్ కరెంటు ఫ్యాక్టరీలున్నాయి. వడగాలులు, తుపానులు, కరువు మనకు కొత్త కాదు. ఈ సంగతుల్లో ప్రభుత్వం ఎన్నో లెక్కలు వేస్తుంది. అవి అడిగే హక్కు మనకుంది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. రాజస్థాన్‌లో కూలీలు, రైతులు మా కూలి లెక్క చూపించండి అని ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పోరాటం ఈ చట్టానికి దారి వేసింది. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. అయినా లెక్క అడిగారు.

ఎలా అడగాలి? తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. ఏ సమాచారం కావాలో స్పష్టంగా రాయాలి. ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. ఆ ఆఫీసులో పౌర సమాచార అధికారికి ఇవ్వాలి. ఫీజు మామూలుగా 10 రూపాయలు. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టనవసరం లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చెయ్యాలి. అక్కడా పని కాకపోతే సమాచార కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోవడం మరవకూడదు.

ఏ పార్టీకి ఓటు వెయ్యాలన్నది ఎవరిష్టం వాళ్ళది. కాని లెక్క చూశాక వేసే ఓటు వేరు, చూడకుండా వేసే ఓటు వేరు. చదువు నేర్చుకున్నది ఉత్తరాలు, బస్సు బోర్డులు చదువుకోవడానికి మాత్రమే కాదు. మన పేరు మీద రాసిన లెక్కలు చదవడానికి కూడా.

కొత్త మాటలు

బొగ్గుపులుసు వాయువు: బొగ్గు, పెట్రోలు, కట్టెలు మండితే వచ్చే వాయువు.
నికర సున్నా: గాలిలోకి వదిలినంత వాయువునూ వెనక్కి తీసుకోవడం.
పై సభ: పార్లమెంటులో రెండు సభలుంటాయి. వాటిలో ఒకటి. మన రాజ్యసభ లాంటిది.
అప్పీలు: కింది అధికారి న్యాయం చెయ్యకపోతే పై అధికారికి పెట్టుకునే అర్జీ.

కలిసి మాట్లాడుకోండి

1. బొగ్గు గని మూసెయ్యాల్సివస్తే, కార్మికులకు ముందుగా ఏమేమి చెప్పాలి?
2. ప్రభుత్వం ఏ సంగతులు దాచవచ్చు? ఏవి దాచకూడదు?
3. మీ ఊళ్ళో రెండు వర్గాల తగువు వల్ల ఆగిపోయిన పని ఏదైనా ఉందా? దాని లెక్కలు ఎవరైనా చూశారా?
4. మీ పంచాయతీకి పోయిన ఏడాది ఎంత డబ్బు వచ్చింది? తెలుసుకోవడానికి ఒక అర్జీ రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.